పాత కారు ఇంజిన్‌లో మడ్డి: తొందరపడకుండా వదిలించే పద్ధతి

ఇంజిన్ లోపల పేరుకున్న మడ్డి తానున్న చోటే ఉన్నంతకాలం ఇంజిన్‌ను చంపదు. అక్కడి నుంచి ఊడి, అడుగున ఆయిల్ చాంబర్‌లో ఉండే జల్లెడకు అడ్డం పడినప్పుడు చంపుతుంది. మెకానిక్కులు స్ట్రైనర్ అనేది ఆ జల్లెడనే. ఆయిల్ పంపు నూనెను పీల్చుకునేది దాని గుండానే. అది బాగా మూసుకుపోతే క్రాంకు బేరింగులకు, క్యామ్ షాఫ్టుకు, టర్బో ఉంటే దానికీ చాలినంత నూనె అందదు. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా, కదిలిన మడ్డి ఎక్కడికి పోతుందో ముందు ఆలోచించాలి. కింద చెప్పిన వరస అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

పదిహేనేళ్లు దాటి, ఆర్సీని మరో 5 ఏళ్లకు పొడిగించుకుని నడుపుతున్న ఆల్టో, జెన్, శాంత్రో వంటి పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డీజిల్‌కు తేడా ఉన్నచోట చెబుతాను. చాంబర్ విప్పే పని అందరూ ఇంట్లో చేయలేరు. అయినా షెడ్డులో దగ్గరుండి చేయించేటప్పుడు ఏం చూడాలో, ఏం వద్దనాలో తెలిసి ఉండటం మంచిది.

మడ్డి ఎందుకు పడుతుంది

వేడి ఎక్కువైనా మడ్డే, తక్కువైనా మడ్డే. బాగా వేడెక్కిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. నూనె మార్చకుండా పదిహేను వేల కిలోమీటర్లు లాగించిన కార్లలో జరిగేది ఇదే.

రెండోది చాలామంది పట్టించుకోనిది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. అందులో కొంత, మండని పెట్రోలుతో కలిసి, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి నూనెలో చేరుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ తేమ ఎగిరిపోతుంది. ఇంటి నుంచి పిల్లల బడికి, అక్కడి నుంచి కూరగాయల మార్కెట్‌కు తప్ప ఎక్కడికీ కదలని కారులో ఎగిరిపోదు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లే తిరిగింది కదా, ఆయిల్ ఎందుకు మార్చాలని అడిగేవారి కార్లలోనే మడ్డి ఎక్కువగా కనబడటానికి కారణం ఇది.

మన దగ్గర ఇంకో పాడు అలవాటు ఉంది. ఇంజిన్ వేడెక్కుతోందని చెప్పగానే కొందరు మెకానిక్కులు థర్మోస్టాట్ వాల్వును పీకి పారేస్తారు. మన ఎండలకు అది అక్కర్లేదని వారి వాదన. ఆ వాల్వు పని ఇంజిన్ త్వరగా సరైన వేడికి చేరేలా చూడటం, ఆ వేడి దగ్గర నిలపడం. అది లేని ఇంజిన్ హైవే మీద కూడా చల్లగానే నడుస్తుంది. లోపల తేమ అలాగే మిగులుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు ముందు ఇది చూసుకోండి. హైవే మీద టెంపరేచర్ ముల్లు బాగా కిందికి పడిపోతుంటే వాల్వు లేకపోయి ఉండాలి, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండాలి. కొత్తది వేయించకుండా లోపల ఎంత కడిగినా మడ్డి మళ్లీ పడుతుంది.

అన్నిసార్లూ తప్పు యజమానిదే కాదని కూడా చెప్పాలి. అమెరికాలో 1997–2002 మోడళ్ల టొయోటా, లెక్సస్ కార్ల మీద ఇలాంటి ఫిర్యాదులే వెల్లువెత్తాయి. 2002లో ఆ కంపెనీ సుమారు 33 లక్షల వాహనాలకు మడ్డి వల్ల జరిగే నష్టానికి ప్రత్యేక మరమ్మతు హామీ ప్రకటించింది. అక్కడ చదువుకోవడానికి వెళ్లి, చవగ్గా దొరికిందని ఆ కాలపు కామ్రీ కొనుక్కునే మన పిల్లలు ఆయిల్ మూత తీసి చూడకుండా డబ్బు కట్టకూడదు.

మొదటి పని: చూడటం

ఇంజిన్ చల్లబడ్డాక ఆయిల్ మూత తీసి టార్చి వేసి చూడండి. కనబడేది నాలుగు రకాల్లో ఒకటై ఉంటుంది.

లోహం మీద తేనె రంగులోనో ముదురు గోధుమ రంగులోనో పల్చటి పొర, వేలితో రుద్దితే రాదు: ఇది వార్నిష్. వేపుడు మూకుడు అంచున ఎంత తోమినా పోని పొర లాంటిదే. ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ కింద ఇది ఉంటే కంగారు అక్కర్లేదు. పాత ఇంజిన్‌కు అది సహజం. దాన్ని గీకి మెరిపించాలన్న కోరిక మానుకోండి.

వేలికి నల్లగా, మెత్తగా అంటుకుని గుడ్డతో తుడిస్తే వచ్చేది మెత్తటి మడ్డి. దీన్ని నెమ్మదిగా వదిలించవచ్చు.

స్క్రూడ్రైవర్ మొనతో తాకితే పెళుసుగా ముక్కలై రాలేది గట్టిపడిన మడ్డి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. నూనెలో కరగదు, ముక్కలుగా ఊడుతుంది.

మూత అడుగున లేత పసుపు రంగు నురగ కనబడితే అందులో నీళ్లున్నట్లు. దగ్గరి తిరుగుళ్ల వల్ల వచ్చిన తేమ కావచ్చు, ఇంజిన్ హెడ్ కింద ఉండే ప్యాకింగ్, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ నూనెలోకి దిగుతూ ఉండవచ్చు. తుడిచేసి, ఒకరోజు గంటసేపు హైవే మీద నడిపి మళ్లీ చూడండి. నురగ తిరిగి రాకపోతే, కూలెంట్ మట్టం తగ్గకపోతే అది తేమే. కూలెంట్ తగ్గుతున్నా, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ మీది నూనె కూడా అదే రంగులోకి మారినా కారు నడపడం ఆపి గ్యాస్కెట్ సంగతి తేల్చండి. ఆ తర్వాతే మడ్డి.

కొన్ని కార్లలో ఆయిల్ మూత కింద రేకు అడ్డం ఉంటుంది. అక్కడి నుంచి లోపల ఏమీ కనబడదు, లేదా ఆ రేకు మీద ఉన్నదే లోపలంతా ఉందనిపిస్తుంది. అనుమానం ఉంటే ట్యాపెట్ కవర్ విప్పి చూడటమే నయం. చాలా పాత చిన్న కార్లకు అది కొన్ని బోల్టుల పని, ఒక ప్యాకింగ్ ఖర్చు. డీజిల్ కార్ల వాళ్లకు ఒక మాట: నూనె పోసిన కొద్ది రోజులకే నల్లబడటం మసి వల్ల. అది మడ్డికి గుర్తు కాదు.

రెండో పని: ఆయిల్ ప్రెషర్ కొలిపించడం

దీన్ని వదిలేసి నేరుగా శుభ్రం చేయడానికి దిగేవారే ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి ఆయిల్ దీపం ప్రెషర్ ఎంతుందో చెప్పదు. చాలా కార్లలో అది ప్రెషర్ 0.3–0.5 బార్ దాకా పడిపోయాకే వెలుగుతుంది. అప్పటికి ఆలస్యమైనట్లే. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉన్నచోట దాన్ని తీసి, మీటరు బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లోనూ, 3,000 ఆర్‌పీఎం దగ్గరా ఎంతుందో చూడమనండి. మీ ఇంజిన్ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన అంకెతో పోల్చండి. ప్రెషర్ బాగుంటే జల్లెడ తెరిచే ఉందని, మీకు సమయం ఉందని అర్థం. తక్కువగా ఉంటే నూనె మార్చి చూద్దామన్న ఆలోచన వద్దు, చాంబర్ దించాల్సిందే.

వాల్వులను తెరిచే ట్యాపెట్ల శబ్దాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. మారుతి 800లోని 796 సీసీ ఇంజిన్‌లో ట్యాపెట్లు స్క్రూతో సర్దేవి. అక్కడ టకటక అంటే ముందు గ్యాప్ సరిచేయించాలి. స్విఫ్ట్ 1.3 డీజిల్ వంటి నూనె ఒత్తిడితో గ్యాప్‌ను తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజిన్లలో చల్లని స్టార్టులో వచ్చే శబ్దం ఎక్కువసేపు ఆగకపోతే మడ్డినో వార్నిష్‌నో అనుమానించవచ్చు.

మూడో పని: ఇంజిన్‌కు ఊపిరి ఆడుతోందా

రింగుల పక్కనుంచి కిందికి దిగే వాయువులను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది పీసీవీ వాల్వు. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది ఆ వాయువుల గురించే. ఈ వాల్వు మూసుకుపోతే తేమ, ఆమ్లాలు అన్నీ లోపలే ఉండి నూనెను పాడు చేస్తాయి. సీళ్ల నుంచి నూనె కారడమూ మొదలవుతుంది. వాల్వు తీసి చెవి దగ్గర ఊపండి. లోపల టిక్ టిక్ మనాలి. అనకపోతే మార్చేయండి, ఖరీదైన వస్తువేమీ కాదు. దాని గొట్టం లోపల కూడా మడ్డి ఉంటుంది; కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టించండి. గట్టిపడి పగుళ్లిచ్చిన గొట్టాన్ని మార్చండి. బాగా పాత కార్లలో వాల్వు ఉండదు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్లే బ్రీథర్ గొట్టం మాత్రమే ఉంటుంది. దాన్నీ ఇలాగే చూడాలి.

వాల్వు బాగుండి కూడా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుసబుసా కొడుతోందంటే రింగులో సిలిండర్ లోపలి గోడో అరిగినట్లు. ఒకసారి కంప్రెషన్ చూపించండి. సిలిండర్లు బోర్ చేయించాల్సిన ఇంజిన్‌కు మడ్డి తీయడం మీద డబ్బు పెట్టడం దండగ. ఇంజిన్ విప్పినప్పుడు అదెలాగూ పోతుంది.

మెత్తటి మడ్డికి: నూనెతోనే కడగడం

నేను సిఫారసు చేసేది ఇదే. ఓపిక కావాలి, అంతే. మంచి ఇంజిన్ ఆయిల్‌లో శుభ్రం చేసే రసాయనాలు ఎలాగూ ఉంటాయి. అవి మడ్డిని పొరలు పొరలుగా కరిగించి నూనెలో తేలుస్తాయి, ఫిల్టర్ దాన్ని పట్టుకుంటుంది. మనం చేయాల్సిందల్లా ఆ నూనెను, ఫిల్టర్‌ను త్వరత్వరగా మార్చడం.

కారును ఇరవై నిమిషాలు నడిపి తెచ్చి, చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీతో లేపాక స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరకండి. జాకీని నమ్మి కారు కింద పడుకోకూడదు. నూనె వేడిగా ఉండాలి కానీ చేయి కాల్చేంత కాదు. డ్రెయిన్ బోల్టు విప్పి, చుక్కలు ఆగేదాకా అరగంట వదిలేయండి. దిగిన నూనెను వెలుతురులో చూడండి. బంగారు రంగు మెరుపులు, రాగి రంగు రజను కనబడితే బేరింగులు అరుగుతున్నట్లు. అక్కడితో ఈ పద్ధతి ఆపి మంచి మెకానిక్‌ను పిలవండి. బోల్టుకు కొత్త వాషర్ వేసి బిగించండి.

పాత ఫిల్టర్‌ను పారేయకండి. దాని రేకును రేకులు కోసే కత్తెరతోనో పైపు కట్టర్‌తోనో తెరవండి. హ్యాక్సా వాడితే దాని రజనే లోపల పడి మిమ్మల్ని భయపెడుతుంది. మడత కాగితం విప్పి, పిండి చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. నల్లటి గుజ్జు ఎంతుందో చూసి పెట్టుకుంటే, వచ్చేసారి తగ్గిందో లేదో పోల్చుకోవచ్చు.

కొత్త నూనె గ్రేడు మీ కారు పుస్తకంలో ఉన్నదే వాడండి. పాతబడింది కదా అని చిక్కటి నూనెకు మారమని చాలామంది చెబుతారు. మూసుకుపోతున్న జల్లెడ గుండా చిక్కటి నూనె, ముఖ్యంగా పొద్దున్నే చల్లని స్టార్టులో, ఇంకా కష్టంగా వెళ్తుంది. డబ్బా మీద ఏపీఐ గుర్తు, అంటే నూనె నాణ్యత ప్రమాణాన్ని చెప్పే అక్షరాలు చూడండి. పెట్రోలు ఇంజిన్లకు 'ఎస్'తో మొదలవుతుంది. రెండో అక్షరం ఇంగ్లిష్ అక్షరమాలలో ఎంత చివరికి ఉంటే అంత కొత్త ప్రమాణం. ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. లారీల డీజిల్ నూనెలో శుభ్రం చేసే గుణం ఎక్కువని పెట్రోలు కార్లలో పోసే చిట్కా ఒకటుంది. డబ్బా మీద 'సి' గుర్తుతో పాటు 'ఎస్' గుర్తు కూడా లేకపోతే ఆ జోలికి పోవద్దు. అందులో ఎక్కువగా ఉండే భాస్వరం పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. ఈ దశలో నూనెను త్వరగా పారబోస్తాం కాబట్టి అంగడిలో అన్నిటికన్నా ఖరీదైనది కొనక్కర్లేదు. నకిలీ కాకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం.

మొదటి మార్పు 500 కిలోమీటర్లకు, తర్వాతది 1,000కి, ఆ తర్వాత 2,000కి ఒకసారి. ప్రతిసారీ ఫిల్టర్ కూడా కొత్తది. ఫిల్టర్ కాగితంలో గుజ్జు కనబడకుండా పోయేదాకా ఇలా కొనసాగించండి. మధ్యలో ఆయిల్ దీపం ఒక్కసారి మినుకుమన్నా బండి పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. డిప్‌స్టిక్ చూడండి. నూనె సరిపడా ఉండి కూడా దీపం వెలిగిందంటే జల్లెడకు మడ్డి అడ్డుపడిందనే అనుకోవాలి. కారును తోలుకుని కాదు, లాగించుకుని షెడ్డుకు తీసుకెళ్లండి.

ఈ దారిలో కొన్ని ఇంజిన్లు కొత్తగా నూనె కారడం మొదలుపెడతాయి. శుభ్రం చేయడం వల్ల సీలు పాడైందని అనుకుంటారు. ఎప్పుడో పోయిన సీలును ఇన్నాళ్లూ మడ్డి మూసి ఉంచింది, అంతే. సీలు మార్చుకోవాలి.

గట్టిపడిన మడ్డికి: విప్పి, చేత్తో తీయడం

ఇక్కడ నూనె పనిచేయదు, రసాయనం పోస్తే ముక్కలు ఊడతాయి. పైనా కిందా రెండూ విప్పాలి. ముందు పైన, తర్వాత కింద. ఈ వరస మార్చకండి. పైనుంచి రాలినది చాంబర్‌లోనే పడుతుంది, దాన్ని ఎలాగూ దించుతాం.

ట్యాపెట్ కవర్ తీశాక, నూనె కిందికి దిగే రంధ్రాల్లో గుడ్డ ముక్కలు దూర్చండి. ఎన్ని పెట్టారో లెక్క రాసుకోండి. లోపల మరిచిపోయిన గుడ్డ మడ్డి కన్నా వేగంగా జల్లెడను మూస్తుంది. చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ బద్దతోనో మడ్డిని పైకి తీయండి, లోపలికి తోయకండి. వైరు బ్రష్, ఎమెరీ పేపర్, గిన్నెలు తోమే పీచు దగ్గరికి రానివ్వద్దు. వాటి నుంచి రాలే గరుకు రజను నేరుగా బేరింగుల్లోకి వెళ్తుంది. కవర్‌ను, విప్పిన విడి భాగాలను బయట కిరోసిన్‌లో నానబెట్టి కడగవచ్చు. చివరగా గుడ్డలన్నీ తీసి లెక్క సరిచూసుకుని, రంధ్రాలు తెరుచుకున్నాయో లేదో ఒక్కోదాంట్లో కొద్దిగా నూనె పోసి చూడండి. కవర్‌కు కొత్త ప్యాకింగ్ వేయండి.

తర్వాత చాంబర్. చాలా చిన్న కార్లలో సైలెన్సర్ ముందు పైపు విప్పితే గానీ అది దిగదు. అడుగున ఎంత మడ్డి ఉందో చూసి తెల్లబోకండి. అక్కడున్నది బేరింగుల దాకా పోనిదే. స్ట్రైనర్‌ను విప్పి రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పంపు వైపు నుంచి గాలి కొట్టండి, అంటే నూనె వెళ్లే దిశకు ఎదురుగా. వెలుతురుకు పట్టి చూస్తే జల్లెడ కన్నులన్నీ కనబడాలి. కనబడకపోతే కొత్తది వేయండి. స్ట్రైనర్ గొట్టం ఇంజిన్‌కు కలిసేచోట రబ్బరు ఓ-రింగు ఉంటే దాన్ని తప్పకుండా మార్చండి. పాతది గట్టిపడి ఉంటుంది. అక్కడ సందు ఇస్తే పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది.

చాంబర్ తిరిగి బిగించేటప్పుడు సిలికాన్ గమ్‌ను ధారాళంగా పూయడం మన షెడ్లలో మామూలే. బయటికి ఎంత ఉబ్బి కనబడుతుందో లోపలికీ అంతే ఉబ్బుతుంది. ఆ లోపలి ముక్క ఆరాక ఊడి, మీరు ఇంత కష్టపడి శుభ్రం చేసిన జల్లెడ మీదే కూర్చుంటుంది. సన్నటి గీతగా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి పూయమని చెప్పండి. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చి అప్పుడే నూనె పోయండి. తర్వాత మొదటి నూనె 500 కిలోమీటర్లకే మార్చాలి.

ఫ్లష్, డీజిల్, కిరోసిన్

నూనె తీసేసి లీటరు డీజిలో కిరోసినో పోసి ఇంజిన్ నడపడం పాత చిట్కా. దీనికి నేను ఒప్పుకోను. బేరింగును, క్రాంకును వేరుగా ఉంచేది పల్చటి నూనె పొర. డీజిల్‌కు, కిరోసిన్‌కు ఆ పొర నిలబెట్టేంత చిక్కదనం లేదు. పైగా నడిచిన కొద్ది నిమిషాల్లో మడ్డినంతా ఒక్కసారిగా వదిలిస్తాయి. అది ఎక్కడికి పోతుందో మొదట్లోనే చెప్పాను.

సీసాల్లో అమ్మే ఇంజిన్ ఫ్లష్ అంత ప్రమాదకరం కాదు. దాన్ని పాత నూనెలోనే కలపాలి, సీసా మీద రాసినంతసేపే ఐడిలింగ్‌లో నడపాలి, సాధారణంగా పది పదిహేను నిమిషాలు. రేస్ చేయకూడదు, రోడ్డెక్కకూడదు. వెంటనే వేడిగా ఉండగానే నూనె, ఫిల్టర్ రెండూ మార్చాలి. మెత్తటి మడ్డి పల్చగా ఉండి, ప్రెషర్ బాగున్న ఇంజిన్‌కు అభ్యంతరం లేదు. గట్టిపడిన మడ్డి ఉన్న ఇంజిన్‌లో పోయవద్దు.

నీలం పొగ, నూనె తాగుడు

వార్నిష్ నిజంగా బాధపెట్టే చోటు పిస్టన్ ఆయిల్ రింగు. అది గాడిలో అంటుకుపోతే సిలిండర్ గోడ మీది నూనెను గీయలేదు, ఇంజిన్ నూనె తాగుతుంది. ముందు వాల్వు సీళ్ల తప్పు కాదని తేల్చుకోండి. పొద్దున స్టార్టు చేయగానే, సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలినప్పుడు మాత్రమే నీలం పొగ వస్తే అవి వాల్వు సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే రింగులు.

రింగులని తేలితే ఒక ప్రయత్నం చేయవచ్చు. వేడి ఇంజిన్ స్పార్క్ ప్లగ్గులు తీసి, పిస్టన్లను వీలైనంత దగ్గరి ఎత్తుకు తెచ్చి, కార్బన్ కరిగించే ద్రావకాన్ని ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా పోసి రాత్రంతా ఉంచాలి. మర్నాడు ఇగ్నిషన్, పెట్రోలు సరఫరా రెండూ ఆపి, ప్లగ్గులు పెట్టకుండానే, రంధ్రాల మీద గుడ్డ కప్పి స్టార్టర్ తిప్పాలి. ప్లగ్గులు బిగించి తిప్పితే మిగిలిన ద్రావకం నలగక కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. నూనె, ఫిల్టర్ మార్చాకే స్టార్టు చేయాలి. కొన్ని ఇంజిన్లకు దీనివల్ల నూనె తాగుడు తగ్గుతుంది, కొన్నిటికి ఏ మార్పూ ఉండదు. రెండుసార్లకు మించి చేయడం నిష్ఫలం.

ఆ తర్వాత

శుభ్రపడిన పాత ఇంజిన్‌కు 5,000 కిలోమీటర్లకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు నూనె మార్చండి. దగ్గరి తిరుగుళ్లే ఎక్కువైతే వారానికోసారి అరగంట ఏకబిగిన నడపండి. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు కాకుండా కూలెంట్ పోయండి. కూలెంట్ డబ్బా ఖాళీ అవుతోందో లేదో నెలకోసారి చూడండి.

వాడేసిన నూనెను మురుగు కాలువలో పోయకండి. చెదలు పట్టకుండా వాసాలకు పూస్తామని అడిగేవారికీ ఇవ్వకండి. చర్మానికి మంచిది కాదు. చట్టప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత గట్టిగా పెట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికి పంపే సర్వీసు సెంటర్‌కు అప్పగించండి. కొత్త నూనె వచ్చిన ఖాళీ డబ్బాను మాత్రం షెడ్డులో వదిలి రావద్దు. అడుగున మేకుతో రెండు మూడు చిల్లులు పొడిచి పారేయండి. చెక్కుచెదరని డబ్బాలో నకిలీ నూనె నింపి మళ్లీ అమ్మేవారు ఉన్నారు.